బ్యూకాజిల్ రాతి సిలువ: 1300 ఏళ్లుగా ఆరుబయటే ఎందుకు?

ఇంగ్లండ్ ఉత్తరపు అంచున, స్కాట్లండ్ సరిహద్దుకు దగ్గర్లో, కంబ్రియా కౌంటీలో బ్యూకాజిల్ అనే చిన్న పల్లె ఉంది. గొర్రెలు మేసే పొలాలు, కూలిపోయిన ఒక కోట, సెయింట్ కత్‌బర్ట్ చర్చి, దాని చుట్టూ సమాధులు. ఆ సమాధుల నడుమ 4.4 మీటర్ల ఎత్తున నలుపలకల ఇసుకరాతి స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. అడ్డకమ్మి, తల భాగం ఎప్పుడో పోయాయి కాబట్టి మొదటిసారి చూసినవాళ్లకు అది సిలువ అని తట్టదు. పెద్ద సమాధిరాయి అనుకుంటారు, లేదా విరిగిన మంటప స్తంభం అనుకుంటారు.

ఈ రాయి గురించి తరచూ మూడు ప్రశ్నలు వస్తాయి. ఇంత పాతదాన్ని వానలో ఎందుకు వదిలేశారు? దాని మీది రాతను ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు చదువుతారు? కడిగి శుభ్రం చేస్తే అక్షరాలు కనబడవా? ఈ మూడింటికీ జవాబు ఆ రాయి తీరులోనే ఉంది.

క్లుప్తంగా

సిలువను 7వ శతాబ్దం చివరికీ 8వ శతాబ్దం మధ్యకీ నడుమ చెక్కారని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాని రాత మసకబారడానికి వాన ఒక్కటే కారణం కాదు, చదవాలనే ఆత్రంతో చేసిన తోముడుకూ అందులో వాటా ఉంది. లోపలికి తరలిస్తే కొన్ని ముప్పులు తగ్గి, మరికొన్ని కొత్తగా పుడతాయి. ఎండగడియారం చెక్కిన రాయి కాబట్టి ఆరుబయట ఉండటం దాని అర్థంలో భాగం కూడా.

రాయి మీద ఏముంది

నాలుగు ముఖాల్లో పడమటిది ముఖ్యం. కిందినుంచి పైకి చూస్తే మొదట చేతి దగ్గర పక్షితో ఒక మనిషి. డేగతో వేటకెళ్లే ప్రభువు అని కొందరు, గరుడపక్షి గుర్తుగా ఉండే సువార్తికుడు యోహాను అని మరికొందరు. దాని మీద రూనిక్ లిపిలో, అంటే గీతలతో కూర్చిన పాత జర్మానిక్ జాతుల అక్షరాల్లో, 9 వరుసల పొడవైన శాసనం. దానిపైన నిలబడిన క్రీస్తు, ఆయన తలమీద "గెస్సుస్ క్రిస్తుస్" అన్న పేరు. అన్నిటికన్నా పైన గొర్రెపిల్లను ఎత్తుకున్న బాప్తిస్మమిచ్చు యోహాను.

క్రీస్తు పాదాల కింద రెండు జంతువులున్నాయి. దుష్టమృగాలను తొక్కుతున్నాడని ఎవరికైనా మొదట అనిపిస్తుంది. ఇక్కడికి పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, స్కాట్లండ్ వైపున ఉన్న రూత్‌వెల్ సిలువ మీదా ఇదే బొమ్మ ఉంది. అక్కడ మాత్రం బొమ్మ చుట్టూ లాటిన్‌లో వివరం చెక్కారు: ఎడారిలో మృగాలు, సర్పాలు లోకరక్షకుణ్ణి గుర్తించాయని. అంటే అవి అణగిపోయిన జంతువులు కావు, మొక్కుతున్న జంతువులు. రూత్‌వెల్ లేకపోతే బ్యూకాజిల్ బొమ్మను తప్పుగా చదివేవాళ్లమే. ఈ రెండు రాళ్లనూ ఎప్పుడూ జంటగా చర్చించడానికి ఇదే కారణం.

తూర్పు ముఖమంతా కిందినుంచి పైదాకా ఒకే ద్రాక్షతీగ. మెలికల మధ్య జంతువులు, పక్షులు కూర్చుని పండ్లు తింటుంటాయి. ఉత్తర, దక్షిణ ముఖాలను అడ్డంగా ఐదేసి పలకలుగా విడదీశారు: అల్లికలు, తీగలు, ఉత్తరాన ఒకచోట చదరంగం గళ్లు. ఉత్తర ముఖం మీదే "క్యునెబురుగ్" అనే స్త్రీ పేరు రూనిక్ లిపిలో ఉంది.

దక్షిణ ముఖం మీది ఒక పలకలో తీగ పక్కన ఎండగడియారం చెక్కారు. ఇంగ్లండ్‌లో మిగిలినవాటిలో ఇదే అతి పాతదని చెబుతారు. అర్ధచంద్రాకారంలో గీతలు, వాటి మొదట్లో పుల్ల గుచ్చడానికి ఒక రంధ్రం. పుల్ల పోయింది, రంధ్రం మిగిలింది. పగటిని 12 భాగాలు చేసినా, వాటిలో ప్రధాన గీతలు పగటిని నాలుగుగా పంచుతాయి. మన జాముల లెక్క తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: పగలు ఎంతున్నా నాలుగు జాములే, పగలు పెరిగితే జాము పెరుగుతుంది. తేడా ఏమిటంటే బ్యూకాజిల్ 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో పగలు సుమారు 7 గంటలు, జూన్‌లో 17 గంటలు దాటుతుంది. కాబట్టి అక్కడ జాము గంటా ముప్పావు నుంచి నాలుగు గంటలపైదాకా సాగుతుంది. పైగా వేసవిలో సూర్యుడు ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు. ఆ కొసల్లో దక్షిణ ముఖం మీద ఎండే పడదు, గడియారం పనిచేయదు. రోజులో ప్రార్థన వేళలు తెలియడానికి ఈ మాత్రం చాలు.

ఎలా చెక్కి, ఎలా నిలిపారు

స్తంభం అడుగున అర మీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు, పైన దాదాపు మూడోవంతు మీటరు. ఈ కొలతలతో లెక్కేస్తే ఘనపరిమాణం 0.9 ఘనమీటరుకు దగ్గరగా, బరువు సుమారు 2 టన్నులు వస్తుంది. అంటే ఎద్దులు, దుంగలు, తాళ్లతో తరలించగలిగేదే. కష్టమంతా నిలబెట్టడంలో ఉంది. ఇలాంటి సిలువలకు సాధారణంగా స్తంభం అడుగును వడ్రంగి కుసిలా సన్నగా చెక్కి, పీఠపు రాతిలో తొలిచిన గుంటలో దింపుతారు. తల భాగాన్ని విడిగా చెక్కి అదే పద్ధతిలో పైన కూర్చుతారు. గాలి ఒత్తిడంతా ఆ పై అతుకు మీదే పడుతుంది. పాత సిలువలు ఎక్కువగా తల పోగొట్టుకుని కనిపించేది అందుకే. బ్యూకాజిల్ తల ముక్క ఒకటి 17వ శతాబ్దం మొదట్లో పురావస్తు ప్రియుల చేతికి చేరింది. దాని మీద అక్షరాలున్నాయని కాగితం మీద రాసుకున్నారు. ముక్క జాడ మాత్రం తర్వాత దొరకలేదు.

అల్లికల సంగతి తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మెలికల ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతను ఎక్కడా తెగకుండా తిప్పుతారు. ఈ శిల్పులూ రాతిమీద గళ్లు గీసి, బిందువులు గుర్తించి, వాటి ఆధారంగానే పట్టీని ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి నడిపారు. పలక కొలత ముందుగా తేలకపోతే అల్లిక చివర్లో కలవదు. అందువల్ల అల్లిక ఉన్న పలకను కొలిస్తే శిల్పి వాడిన ప్రమాణం బయటపడుతుంది. ఒక రాతిమీది ప్రమాణం మరోదానితో సరిపోతే రెండూ ఒకే పనివాళ్లవని అనుమానించవచ్చు.

చెక్కడంతో పని అయిపోయేది కాదు. ఆ కాలపు సిలువలు కొన్నింటి మీద సున్నపు పూత, రంగుల ఆనవాళ్లు దొరికాయి. ఈనాటి బూడిదరంగు రాయి ఒకనాడు రంగుల్లో మెరిసి ఉండవచ్చు. పూతకు ఇంకో ఉపయోగం కూడా ఉంది: వాన నేరుగా రాతిని తాకదు. పూత ఉండి ఉంటే, అది పోయిన రోజునుంచే అసలు అరుగుదల మొదలై ఉంటుంది.

తేదీ ఎందుకు కచ్చితంగా తేలదు

రాతికి కార్బన్ పరీక్ష కుదరదు, రాయి పుట్టింది కోట్ల ఏళ్ల కింద. చెక్కిన కాలం కావాలంటే లిపి, భాష, శిల్పశైలి, చుట్టుపక్కల తవ్వకాలు, ఈ నాలుగింటినీ పట్టుకోవాలి.

19వ శతాబ్దంలో పొడవైన శాసనంలో ఆల్క్‌ఫ్రిత్, ఎక్‌ఫ్రిత్ అనే నార్తంబ్రియా (అప్పట్లో ఉత్తర ఇంగ్లండ్‌ను ఏలిన రాజ్యం) రాజకుటుంబపు పేర్లు చదివారు. ఎక్‌ఫ్రిత్ 670లో గద్దెనెక్కాడు. ఆల్క్‌ఫ్రిత్ భార్య, మెర్సియా రాజు పెండా కూతురు, పేరు క్యునెబుర్. ఉత్తర ముఖం మీది క్యునెబురుగ్ కూడా ఇదే పేరు కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నారు. చిక్కంతా ఒకచోట ఉంది. క్యునెబుర్ అనేది ఆ కాలంలో పలువురు స్త్రీలకు ఉండగలిగిన పేరే, పొడవైన శాసనంలోని మిగతా పేర్లేమో రాతిమీద స్పష్టంగా లేవు. ఫలానా పేరు అక్కడ ఉండాలని ముందే అనుకుని చూస్తే, అరిగిన గీత ఏదైనా ఆ అక్షరంలాగే కనిపిస్తుంది. ఆ శాసనం ఎవరినో తలచుకుంటూ పెట్టినదన్నంతవరకే గట్టిగా చెప్పగలం.

తర్వాత వాదం రెండో కొసకు పోయింది. 1912లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రెండు సిలువలనూ 12వ శతాబ్దానికి, స్కాట్లండ్ రాజు మొదటి డేవిడ్ కాలానికి తెచ్చింది. అది నిలవలేదు. రూత్‌వెల్ రూనుల్లోని పాత ఇంగ్లీషు రూపాలు అంత కొత్తవి కావు. ద్రాక్షతీగ శైలి ఉత్తర ఇంగ్లండ్‌లోని జారో, హెక్సమ్ మఠాల శిల్పానికి దగ్గర. ఇప్పుడు చెప్పే తేదీ ఈ పోలికలన్నిటి మధ్య రాజీ. ఏ బోర్డు మీదైనా ఒకే ఒక్క సంవత్సరం కనిపిస్తే దాన్ని నమ్మనవసరం లేదు.

సిలువ నిలిచిన నేల కూడా సాక్ష్యమే. చర్చి, కోట, సమాధులు అన్నీ ఒక రోమన్ సైనిక స్థావరం లోపలే ఉన్నాయి. రోమన్లు కట్టిన సరిహద్దు గోడ అయిన హేడ్రియన్ గోడకు ఉత్తరాన సుమారు 10 కిలోమీటర్ల ముందుకు కట్టిన కాపలా స్థావరం అది. మామూలు దీర్ఘచతురస్రం కాకుండా ఆరు భుజాలతో ఉంటుంది. కొకిడియస్ అనే స్థానిక దేవత పేరున్న రెండు వెండి రేకులు 1937లో అక్కడ బయటపడ్డాయి. రోమన్లు వెళ్లిపోయాక పాత దేవస్థానపు గుట్టమీద కొత్త మతం తన గుర్తు నాటింది. రాయిని మ్యూజియంకు తీసుకుపోతే ఈ వరుసక్రమం చదవడం కష్టమవుతుంది.

రాతిని నిజంగా తినేది ఏది

వాన పడితే రాయి కరిగిపోతుందనుకోవడం పొరపాటు. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు, వాటిని అంటించే బంక. బంక సిలికా అయితే వాననీటికి పెద్దగా లొంగదు, సున్నం అయితే ఆమ్లపు వానకు త్వరగా కరుగుతుంది. అసలు నష్టం రేణువుల సందుల్లో జరుగుతుంది.

మొదటిది మంచు. సందుల్లోని నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఎప్పుడూ సున్నాకు కిందే ఉండే చలికన్నా, రాత్రి సున్నాకు దిగి పగలు పైకొచ్చే ఉత్తర ఇంగ్లండ్ చలి రాతికి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ప్రతి రాత్రీ ఒక కొత్త దెబ్బ.

రెండోది ఉప్పు. నేలలోని తేమ పీఠం గుండా పైకి పాకుతూ లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆరిన చోట ఉప్పు స్ఫటికమై రేణువులను విడగొడుతుంది. అందుకే పాత సిలువల్లో నేలకు ఒకటి రెండు అడుగుల ఎత్తున రాయి పొడిపొడిగా రాలుతుంటుంది. అదే మట్టంలో గొర్రెలు ఒళ్లు రుద్దుకుంటాయి, గడ్డి కోసే యంత్రపు నైలాన్ తీగ తగులుతుంది. తీగ ఒక్క దెబ్బకు చేసే గాటు వంద చలికాలాలు చేసేదానికన్నా లోతుగా ఉండొచ్చు. కాబట్టి రాతి చుట్టూ అడుగు మేర గడ్డిని కత్తెరతో, చేత్తోనే కోయాలి.

మూడోది మనిషి చేసే మరమ్మతు. పగుళ్లలో సిమెంటు నింపితే కొన్నాళ్లు గట్టిగా కనిపిస్తుంది. సిమెంటు ఇసుకరాతికన్నా గట్టిది, తేమను పోనివ్వదు. లోపలి తడి సిమెంటులోంచి బయటికి రాలేక పక్కనున్న రాతిలోంచే ఆరుతుంది, దాంతో అతుకు నిలిచి రాయి రాలుతుంది. సరైన పద్ధతి రాతికన్నా మెత్తని సున్నపు గచ్చు: బలహీన రకపు హైడ్రాలిక్ సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు. అరగాల్సింది గచ్చే. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో దాన్ని మార్చుకోవచ్చు, రాతిని మార్చలేం. లోపల ఇనుప కడ్డీలు పెట్టడం ఇంకో తప్పు: ఇనుము తుప్పు పడితే కొన్ని రెట్లు ఉబ్బి రాతిని నిలువునా చీలుస్తుంది. కడ్డీ తప్పదంటే స్టెయిన్‌లెస్ స్టీలే.

ఇక శుభ్రం చేయడం. రాతిమీద బూడిద, పసుపు మచ్చలుగా కనిపించేవి లైకెన్లు. మన వంటింట్లో మసాలాగా వాడే రాతిపువ్వు కూడా లైకెనే. వాటి పోగులు రేణువుల మధ్యకు దిగి ఉంటాయి, గీకితే పైపొరను పట్టుకునే ఊడతాయి. రాత చదవాలన్న ఉత్సాహంలో 19వ శతాబ్దంలో బ్యూకాజిల్ శాసనం మీది పాచిని తొలగించారు. అక్షరాలు కొన్ని బయటపడ్డాయి. అయితే ఇప్పుడు కనిపించే గీతల్లో ఏది శిల్పి ఉలిది, ఏది ఆ తర్వాతి చేతులది అని విడదీయడం కష్టమైంది. సాక్ష్యాన్ని చదవబోయి సాక్ష్యాన్నే కలగాపులగం చేసినట్లయింది. గుళ్లలో పాత శిల్పాల మీది సున్నం, రంగు తీయడానికి ఒత్తిడితో ఇసుక కొట్టించినప్పుడూ ఇదే జరుగుతుంది.

లోపలికి తెస్తే?

రూత్‌వెల్ ఒక దారి. స్కాట్లండ్ చర్చి మహాసభ విగ్రహారాధన గుర్తులను పడగొట్టాలన్నాక 1642 ప్రాంతంలో ఆ సిలువను విరగ్గొట్టారు. ముక్కలు చర్చిలోనూ ఆవరణలోనూ పడి ఉండేవి. అక్కడి పాస్టరు హెన్రీ డంకన్ వాటిని ఏరి 1823లో తన ఇంటి తోటలో నిలబెట్టాడు. 1810లో అదే ఊళ్లో పొదుపు బ్యాంకు పెట్టి పేరు తెచ్చుకున్నదీ ఆయనే. అడ్డకమ్ములు దొరకకపోతే కొత్తవి చెక్కించాడు. 1887లో దాన్ని చర్చి లోపలికి తెచ్చారు. 5.5 మీటర్ల రాయి పట్టడానికి నేలను గొయ్యిగా తవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు వానలేదు, మంచులేదు. సిలువే మాట్లాడినట్లు సాగే పాత ఇంగ్లీషు కవిత పంక్తులు దాని అంచుల మీద ఇవాళ్టికీ చదవొచ్చు. అవి ఆ కవితవేనని 1840లలో జాన్ మిచెల్ కెంబుల్ అనే పండితుడు గుర్తించాడు. ఆ రాయి మొదట ఏ చోట, ఏ దిక్కుకు నిలబడిందో మాత్రం నేలను చూసి తేల్చుకునే అవకాశం పోయింది.

ఐర్లండ్‌లోని క్లాన్‌మక్‌నాయ్స్ రెండో దారి: అసలు సిలువలు లోపల, నకళ్లు వాటి పాత చోట. స్కాట్లండ్ అయోనా ద్వీపంలో ఈ రెండూ పక్కపక్కనే చూడొచ్చు. సెయింట్ జాన్ సిలువ 1950లలో రెండుసార్లు గాలికి పడిపోయాక 1970లో కాంక్రీటు నకలు నిలిపారు, అసలు ముక్కలు మ్యూజియంలో ఉన్నాయి. దాని పొరుగున సెయింట్ మార్టిన్ సిలువ మాత్రం వందల ఏళ్లుగా తన చోటనే ఉంది. మూడో దారి స్కాట్లండ్‌లోనే ఉన్న సూయెనో రాయిది: 6.5 మీటర్ల రాతి చుట్టూ గాజు గది.

ఏ దారీ ఉచితం కాదు. శతాబ్దాల పాటు ఉప్పు పీల్చిన రాతిని ఆదివారం మాత్రమే హీటరు వేసే చర్చిలో పెడితే, గాలిలో తేమ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మామూలు ఉప్పు 75 శాతం తేమ దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. అంటే ఆరుబయట ఏడాదికి కొన్నిసార్లు జరిగేది గదిలో వారం వారం జరగొచ్చు. గాజు గదిలో ఎండకు వేడి, లోపలివైపు చెమ్మ పట్టడం మరో సమస్య. ఎత్తేటప్పుడు కనపడని పగులు విచ్చుకునే ప్రమాదం అన్నిటికీ ఉంటుంది.

తరలింపు అంటే ఏం పోతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. బ్యూకాజిల్ సిలువ చెక్కిన కాలానికి అటూ ఇటూగా బాదామి చాళుక్యులు కృష్ణా తుంగభద్రల దగ్గర ఇసుకరాతితోనే గుళ్లు కట్టారు. శ్రీశైలం జలాశయం కింద మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడి దక్కింది, అది చేయక తప్పని పని. పేరులోని సంగమం మాత్రం ఇప్పుడు గుడి ముందు లేదు. నీళ్లు ముంచుకొస్తే తరలించాలి. బ్యూకాజిల్‌లో అలాంటి ముంపు లేదు, స్తంభం ఒకే రాయిగా నిటారుగా ఉంది. కాబట్టి ఉన్నచోటే ఉంచి కనిపెట్టుకుని ఉండటం సరైన నిర్ణయంగానే కనిపిస్తుంది. పెచ్చులు రాలే వేగం పెరిగిందని కొలతల్లో తేలితే అప్పుడు మళ్లీ ఆలోచించాలి.

ఆ కొలతలు ఎలా

ముట్టుకోకుండా కొలవడం ఇప్పుడు సాధ్యం. మబ్బు పట్టిన రోజున, నీడలు పడనప్పుడు, రాతి చుట్టూ తిరుగుతూ వరుస ఫొటోలు తీస్తారు. ఒక్కో ఫొటోలో కనీసం 60 నుంచి 80 శాతం పక్క ఫొటోలోనిదే ఉండాలి, పక్కన కొలబద్ద పెట్టాలి. వాటినుంచి కంప్యూటర్ త్రీడీ రూపం కడుతుంది. కొన్నేళ్లకొకసారి ఇదే చేసి రెండు రూపాలను ఒకదానిమీద ఒకటి పెడితే ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పోయిందో తెలుస్తుంది. శాసనానికైతే కెమెరాను కదపకుండా దీపాన్ని పదుల కోణాల్లో తిప్పుతూ తీస్తారు, అక్షరపు లోతు నీడగా పైకి తేలుతుంది. సుద్ద రాయడం, కాగితం పెట్టి మైనంతో రుద్దడం, రబ్బరు అచ్చు తీయడం, ఇవన్నీ పెళుసైన పొరను లాగేస్తాయి.

చట్టం వైపునా రెండు తాళాలున్నాయి. ఇంగ్లండ్‌లో రక్షిత స్మారకాల జాబితాలోని రాతిమీద పని చేయాలంటే 1979 నాటి ప్రాచీన స్మారకాల చట్టం కింద ప్రభుత్వ అనుమతి కావాలి, దానికి హిస్టారిక్ ఇంగ్లండ్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ సలహా ఇస్తుంది. చర్చి ఆవరణలో ఉంటే సాధారణంగా డయోసిస్ న్యాయస్థానం ఇచ్చే ఫ్యాకల్టీ అనే అనుమతీ వేరుగా తీసుకోవాలి. స్థానిక పాస్టరు తనంతట తాను పాచి కడిగించినా అది ఉల్లంఘనే కావచ్చు.

బ్రిటన్‌లో ఉంటూ హేడ్రియన్ గోడ చూడటానికి వెళ్లే తెలుగువాళ్లకు ఆ గోడ మీది రోమన్ కోట బర్డోస్వాల్డ్ నుంచి బ్యూకాజిల్ కారులో కాసేపటి దారి. మిట్టమధ్యాహ్నం వెళ్తే శాసనం బల్లపరుపుగా, ఖాళీగా కనిపించి నిరాశ పరుస్తుంది. పడమటి ముఖం మీదికి ఏటవాలు వెలుగు రావాలంటే సూర్యుడు ఇంకా ఆ ముఖానికి ఓరగా ఉండాలి, అంటే మధ్యాహ్నం తిరిగిన మొదటి గంటల్లో. అప్పుడు దక్షిణం నుంచి వచ్చే ఎండ అంచులను రాసుకుంటూ పోతుంది. క్రీస్తు తలమీది పేరులో ఒక్కో గీతకు సన్నని నీడ లేస్తుంది, కింది 9 వరుసల్లో కొన్ని నిలువు గీతలు విడివిడిగా తెలుస్తాయి. సూర్యుడు సూటిగా ఎదురుకొచ్చాక ఆ నీడలు మళ్లీ రాతిలో కలిసిపోతాయి.